జవాబు రాని నలభై నిమిషాలు

"గట్టిగా నొక్కి పట్టండి. చెయ్యి తియ్యొద్దు," అని ఆవిడ మైకులో రెండోసారి చెబుతోంది. ఎడమ చెవికి టెలిఫోను, అవతల డాక్టరు. కుడి చెవికి హెడ్‌ఫోను, అవతల నాలుగు వందల మైళ్ళ దూరంలో చేపల పడవ. తాడు చుట్టే యంత్రంలో పడి ఇంజను డ్రైవరు చెయ్యి మోచేతి దాకా చీలిపోయింది. పెద్ద ఓడ ఏదైనా చేరాలంటే సాయంత్రమవుతుంది.

తీర రేడియో కేంద్రంలో ఆవిడకిది ఇరవై ఆరో ఏడు. మాట్లాడేందుకు మైకు మీట నొక్కి నొక్కి బొటనవేలు కాయ కాచింది. పడవలవాళ్ళంతా అక్కయ్య అంటారు. ఒక్కరి మొహమూ ఎరగదు. ఆ డ్రైవరైతే రోజూ వాతావరణం చదవగానే మధ్యలో దూరి, "ఆకాశం సంగతి సరే, మీ ఇంట్లో కూరేంటక్కయ్యా?" అంటాడు. ఆవిడ విసుక్కుంటూనే చెబుతుంది.

"మోచేతికి పైన గుడ్డ కట్టి, కర్ర పెట్టి మెలితిప్పమనండి," అన్నాడు డాక్టరు. ఆవిడ నోరు తెరిచేసరికి హెడ్‌ఫోను మూగబోయింది. మాటే కాదు, గరగర కూడా పోయింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "సెట్టు పోయిందా?"

"సెట్టు కాదు సార్, సూర్యుడు. అక్కడేదో భగ్గుమంది."

దూరపు మాటను కిందికి తిప్పి పంపేది ఆకాశంలో చాలా ఎత్తునున్న ఒక పొర. సూర్యుడి మీద మంట లేస్తే, దానికి దిగువనున్న పొర బలిసి మాటను దారిలోనే మింగేస్తుంది. పట్టపగలే వచ్చే గండమిది.

"అయితే కింది ఛానెలుకి, తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగండి."

"ముందు చచ్చేది కిందదే సార్. పైకెక్కాలి. పగలు మాట పోతే పై ఛానెల్లో వినమని పడవలన్నిటికీ ఏనాడో చెప్పి పెట్టాను."

పైనా నిశ్శబ్దమే. కానీ కేంద్రం సెట్టుకి బలమెక్కువ. పడవ మాట ఇక్కడికి రాకపోయినా, ఇక్కడి మాట అక్కడికి చేరొచ్చు. ఆ ఒక్క ఆశతో మొదలుపెట్టింది. "మోచేతికి పైన గుడ్డ కట్టి, కర్రతో మెలితిప్పండి. నొక్కిన చెయ్యి తియ్యొద్దు. నేను చెప్పేదాకా వదలొద్దు." రెండు నిమిషాలకోసారి అదే మాట.

పది నిమిషాలు. ఇరవై. ఉలుకూ పలుకూ లేదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. కాస్త ఆగండమ్మా."

"మీరు ఊరుకోండి సార్!" పై అధికారిని కసరడం జన్మలో అదే మొదలు. గొంతు బొంగురుపోయింది. భయమేసింది, ఏడుపొచ్చింది. అరగంట దాటాక ఏమనుకుందో, "ఇవాళ మా ఇంట్లో వంకాయ, తమ్ముడూ," అని కూడా చెప్పింది.

నలభయ్యో నిమిషాన గరగర తిరిగొచ్చింది. వెనకే పడవ నడిపే సారంగు గొంతు.

"ఇప్పుడన్నా వినబడుతోందా అక్కయ్యా?"

"వినబడుతోంది! ఎలా ఉన్నాడు?"

"మీరన్నవన్నీ విన్నాం. మేం ఎంత అరిచినా మీకు చేరలేదు. కట్టు కట్టేసరికే రక్తం చాలా పోయింది. పావుగంటకే పోయాడక్కయ్యా. మరి మీరేమో వదలొద్దు, వదలొద్దంటున్నారు. మావాడొకడు ఇంకా గాయం నొక్కే ఉన్నాడు. తియ్యమంటారా?"

ఆవిడ మీట నొక్కింది.

"తియ్యండి నాయనా," అంది. మీట వదిలి, మళ్ళీ నొక్కి, "ఇంజను ఎవరో ఒకరు చూసుకుని ఒడ్డుకి రండి."

వస్తామన్నాడు సారంగు. ఇంజను గదిలోకి వెళ్ళడానికే ఎవరికీ కాళ్ళు రావడం లేదన్నాడు. గుమ్మం ముందు డ్రైవరు విప్పిన చెప్పులు అలాగే ఉన్నాయట. నీలం రబ్బరు చెప్పులట. ఎడమదానికి పట్టీ తెగిన చోట పిన్నీసు పెట్టి ఉందట.