కోల్బీ మోచేతి కోసం ప్రార్థన

సువార్తరాజు అంకుల్ ఇంట్లో ఆదివారం సాయంత్రం ముందు ప్రార్థన, ఆ వెంటనే బేస్‌బాల్. నేను కెనడా వచ్చి ఎడ్మంటన్‌లో కాలేజీలో చేరి వాళ్ళ బేస్‌మెంట్ గదిలో అద్దెకు దిగిన ఏడాది, ఊరంతా మాలాంటి విద్యార్థులే. ఒక్కో బేస్‌మెంట్‌లో అయిదారుగురు సర్దుకునేవారు. నాకు ఒక్కదానికే ఒక గది దొరికిందంటే ఇండియాలో మా ఊరి పాస్టర్‌గారు అంకుల్ భార్య రూపవతి ఆంటీకి చుట్టం కావడమే కారణం. అందుకే ఆ ఇంట్లో అడుగు తీసి అడుగు వేయాలన్నా భయపడేదాన్ని. ఎవరైనా పలకరిస్తే తలూపేదాన్ని, అంతే.

పైన ఆరన్ గది పక్కన కోల్బీ ఉండేవాడు. అంకుల్ వాళ్ళ అబ్బాయే ఆరన్, పన్నెండేళ్ళవాడు. కోల్బీకి పందొమ్మిది. పక్క రాష్ట్రం సస్కచెవాన్‌లో ఏదో పల్లెటూరు. ఎడ్మంటన్ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్, అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. చిన్న లీగ్ టీమ్‌లకు డబ్బుండదు కాబట్టి వేసవంతా ఆటగాళ్ళను అభిమానుల ఇళ్ళలో ఉంచుతారు. అంకుల్ ఆ టీమ్ అంటే ప్రాణం పెడతారు. కోల్బీకి చారు అన్నం అలవాటు చేసింది ఆంటీయే.

జూలై నెలాఖరుకు ఇంట్లో ఒకటే గొడవ. కోల్బీని సరిహద్దు అవతల అమెరికాలోని మోంటానా టీమ్‌కి ఇచ్చేసి, అక్కడి నుంచి ముప్పై నాలుగేళ్ళ అనుభవజ్ఞుడైన పిచర్‌ని తెచ్చుకోవాలని మా టీమ్ ఆలోచన. గడువు బుధవారం. టీమ్ ఆఫీసులో లెక్కలు చూసే దైవసహాయం అంకుల్ ఈ కబురు మోసుకొచ్చారు. ఇలా ఆటగాళ్ళను మార్చుకోవడాన్ని ట్రేడ్ అంటారు. ఆయన ట్రేడ్ పక్షం. మా అంకుల్ కుర్రాడి పక్షం.

"ముసలాడిని తెచ్చి ఏం చేసుకుంటావయ్యా? వాడి మోకాళ్ళ చప్పుడు స్టాండ్స్‌లోకి వినపడుద్ది," అన్నారు మా అంకుల్.

"వినపడనివ్వండి. బాల్ ఎక్కడ వెయ్యాలో వాడికి తెలుసు. మీవాడికి స్పీడ్ ఒక్కటే తెలుసు."

"స్పీడ్ ఎవరూ నేర్పలేరు. బుర్ర ఆడగా ఆడగా అదే వస్తుంది."

"మరి మీ ఆరన్‌కి ఇంకా రాలేదేం?"

ఆరన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఐ కెన్ హియర్ యూ, అంకుల్," అన్నాడు.

కోల్బీ బల్ల దగ్గర అన్నం తింటూ నవ్వేవాడు. తెలుగు రాకపోయినా తన పేరూ, ట్రేడ్ అన్న మాటా అర్థమయ్యేవి. మోంటానా వెళ్ళాలనే అతని కోరిక. అక్కడి ఆటలకు పెద్ద లీగ్‌ల వాళ్ళు వచ్చి కుర్రాళ్ళను చూస్తారట. మంగళవారం మ్యాచ్‌లో మోంటానా వాళ్ళు వచ్చి అతని చెయ్యి చూసుకుని, బుధవారం సంతకం పెడతారట. అప్పుడు నేను గమనించింది ఒక్కటే. అతను ఎడమచేత్తో తింటున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి బేస్‌మెంట్‌లో డీప్ ఫ్రీజర్ పక్కన కోల్బీ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆంటీ దాచుకున్న ములక్కాడల ప్యాకెట్ మోచేతికి అదిమిపెట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నా అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి ప్యాకెట్ వెనక్కి దాచాడు. మోచెయ్యి లోపలి వైపు వాచి, చర్మం మెరుస్తోంది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు ఇంగ్లీషులో. "మంగళవారం దాకా. ప్లీజ్."

నేను తలూపాను. తలూపడం తప్ప నాకు ఏం వచ్చని.

ఆ తర్వాత అన్నం సహించలేదు. మా హైస్కూల్లో వాలీబాల్ ఆడే బాలత్రిపురసుందరి గుర్తొచ్చింది. భుజం నొప్పి దాచిపెట్టి జిల్లా పోటీల్లో ఆడింది. ఆఖరి సర్వీస్ కొట్టినప్పుడు ఆమె అరిచిన అరుపు గ్రౌండ్ అవతలికి వినిపించింది. మళ్ళీ ఆ చెయ్యి పైకి లేవలేదు. కాలేజీకి వచ్చాక కూడా వాళ్ళమ్మే జడ వేసేది. మంగళవారం అనుకుంటే చాలు, ఆ అరుపే కోల్బీ గొంతుతో వినిపించేది. చెబితే అతని అవకాశం పోతుంది. చెప్పకపోతే చెయ్యి పోతుంది.

ఆదివారం ప్రార్థనకు ఎనిమిది మందిమి కూర్చున్నాం. కోల్బీ ప్రాక్టీసుకి వెళ్ళాడు. చివరిలో అందరూ ఒకేసారి గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవడం మా ఊళ్ళోనూ ఉంది. నాకు చర్చిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. అంతమంది గొంతుల మధ్య ఏం చెప్పుకున్నా పక్కవాళ్ళకు వినపడదు. నేను బిగ్గరగా మాట్లాడగలిగేది అప్పుడొక్కటే. మా ఊళ్ళో పాస్టర్‌గారు బల్ల మీది గంట కొట్టేదాకా ఎవరూ ఆపరు.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. "ప్రభువా, కోల్బీ మోచెయ్యి చూడు. బాగా వాచింది. ములక్కాడల ప్యాకెట్‌తో తగ్గే నొప్పి కాదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నేను చెప్పలేదు. మంగళవారం బాల్ వేస్తే చెయ్యి విరిగిపోతుందేమో అని భయంగా ఉంది. నాకు దారి చూపించు." ఏడుపు వచ్చింది. గంట కోసం ఎదురుచూస్తూ అదే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఆ ఇంట్లో గంట లేదు. ఒక్కొక్కరూ తమంతట తాము ఆపేస్తారు. నాకు అది తోచనే లేదు.

కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. ఆరన్ నోరు తెరుచుకుని ఉన్నాడు. దైవసహాయం అంకుల్ మెల్లగా "ఆమెన్" అన్నారు.

నేను చున్నీతో ముఖం తుడుచుకున్నాను.

"ప్రార్థనలో విన్నది బయటికి మోయకూడదు," అన్నారు ఆయనే, గొంతు సవరించుకుని. "అది దేవుడికీ ఆ పిల్లకీ మధ్య సంగతి."

"అలాగా అన్నయ్యా," అంది రూపవతి ఆంటీ. "పోయిన నెల మా అత్తగారి ఆపరేషన్ గురించి ప్రార్థించాం. మర్నాటికి కాల్గరీ నుంచి కూడా ఫోన్లు వచ్చాయి."

ఆయన చెయ్యి ఊపి ఆ మాట కొట్టిపారేశారు. "మూడు రోజులు ఊరుకుంటే మనకు మంచి పిచర్ వస్తాడు. ఆ తర్వాత ఆ చెయ్యి బాధ్యత మోంటానా వాళ్ళది."

"అంటే పుచ్చు వంకాయ అంటగట్టడమా?" అన్నారు మా అంకుల్.

"మీరు టీమ్‌కి ఫోన్ చేసి చెప్పండి మరి. ట్రేడ్ ఆగుద్ది. వాచిన చెయ్యితో కుర్రాణ్ణి మనవాళ్ళు మాత్రం ఉంచుకుంటారా? ఎల్లుండే ఇంటికి పంపిస్తారు. అదేనా మీకు కావాల్సింది?"

అంకుల్ రిమోట్ అందుకున్నారు. "రేపు ఆలోచిద్దాం," అన్నారు చివరికి. టీవీ పెట్టారు. ఆట మొదలైంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటారేమో అనుకున్నాను. అంతకన్నా ఎక్కువ భయం వేసింది ఇంకొకందుకు. ఇప్పుడు ఇంతమందికి తెలుసు. అయినా కోల్బీ బాల్ వేసేలాగే ఉన్నాడు.

సోమవారం అంకుల్ ఆలోచించలేదు, లేదా ఆలోచించి ఊరుకున్నారు. భోజనాల దగ్గర కోల్బీ ముఖం కేసి చూడకుండా కూర వడ్డించారు.

మంగళవారం నేను కాలేజీకి వెళ్ళలేదు. మధ్యాహ్నం దాటాక కోల్బీ యూనిఫాం వేసుకుని బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాడు. ఒంటిచేత్తో బూట్ల లేసులు కట్టుకోబోతే ముడి జారిపోతోంది. నేను నాలుగు మెట్లు కింద నిలబడ్డాను.

"నేను చెప్పేశాను," అన్నాను నాకు వచ్చిన ఇంగ్లీషులో. "ప్రార్థనలో. గట్టిగా. అందరికీ తెలిసిపోయింది."

అతను తలెత్తాడు. "అందరికీనా? అంకుల్‌కి కూడానా?"

"ఊఁ."

"ఎవరూ నన్ను ఏమీ అడగలేదే."

నేను తల వంచుకున్నాను. తెలిసీ ఊరుకున్నారని అతనికి అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని లేసు వదిలేశాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు మడవబోయాడు. చిటికెనవేలూ దాని పక్క వేలూ మడత పడలేదు. ఆ రెండు వేళ్ళ వంక చూస్తూ అతను కూడా నాలాగే భయపడ్డాడు.

జేబులోంచి ఫోన్ తీసి నాకు ఇచ్చాడు. ఆటగాళ్ళ దెబ్బలూ నొప్పులూ చూసే ట్రైనర్ నంబరు తెర మీద ఉంది.

"నువ్వే మాట్లాడు," అన్నాడు. "నేను మాట్లాడితే బాగానే ఉన్నాను అని చెప్పేస్తాను."

ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడాల్సి వస్తే నేను బాత్రూంలోకి పోయి దాక్కునేదాన్ని. అవతల రింగ్ అవుతుంటే ఎత్తకపోతే బాగుండుననుకున్నాను. ట్రైనర్ ఎత్తింది.

"కోల్బీ ఉండే ఇంటి నుంచి," అన్నాను. "అతని మోచెయ్యి వాచింది. వేళ్ళు మడత పడడం లేదు. అతను ఇక్కడే ఉన్నాడు."

ఆవిడ రెండు ప్రశ్నలు అడిగింది. తెలిసింది చెప్పాను. ఒక్క బాల్ కూడా వేయనివ్వొద్దు, నేనే వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్తాను అంది.

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. అతను నా వైపు చూడలేదు. "కోపంగా ఉందా ఆవిడ?" అన్నాడు.

"లేదు. కంగారుగా ఉంది."

పైనుంచి కారు తాళాల చప్పుడు వినిపించింది. "కోల్బీ, టైమ్ అయింది, బయల్దేరదామా?" అన్నారు అంకుల్.

కోల్బీ కదల్లేదు. కట్టని లేసుల మీదికి వంగి, ముఖం ఎడమచేత్తో కప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

అంకుల్ మళ్ళీ పిలిచారు. ఆ ఇంట్లో నేను ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. అతన్ని దాటుకుని గోడ పట్టుకుంటూ మెట్లెక్కాను.

"కోల్బీ రావడం లేదు అంకుల్," అన్నాను. "నేనే ఫోన్ చేశాను."