పాలు పొంగించిన పుస్తకం

మా ఇంట్లో పాలు పొంగాయంటే మా లైబ్రరీకి ఒక మంచి పుస్తకం దొరికినట్టే. ఇదేమీ శాస్త్రీయమైన పద్ధతి కాదని నాకూ తెలుసు. కానీ మామూలు జనం చదివే సైన్సు పుస్తకాలు ఎంచే నెల వచ్చిందంటే, ప్రచురణకర్తలు పంపిన నమూనా ప్రతులన్నీ సంచిలో ఇంటికి మోసుకొచ్చి, స్టవ్ పక్కన గట్టు మీద పెట్టుకుని చదవడం తప్ప నాకు వేరే వేళ లేదు. లైబ్రరీలో చదువుకోవచ్చు కదా అంటారు. లైబ్రరీలో చదువుకునే తీరిక లేనిది లైబ్రేరియన్ ఒక్కదానికే. అందుకని ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీస్తాను. చీమల పుట్టో, నక్షత్రాల చావో, మన పేగుల్లో కాపురముంటున్న సూక్ష్మజీవులో. రెండు పేరాలకే నా కళ్ళు పాలగిన్నె వైపు పోతే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను. స్టవ్ నిండా పాలు పారి, మాడువాసన వచ్చి, ముందుగదిలోంచి మా అత్తగారు "మళ్ళీ పోయాయా?" అని కేకేస్తే దానికి మార్కులు పడినట్టే. స్టవ్ తుడుచుకోవాల్సిందీ నేనే కనుక మార్కులు ఊరికే వెయ్యను.

ఇలా చదివిన పుస్తకాల గురించి, ఏవి కొనాలో తేల్చే లైబ్రరీ కమిటీలో మాట్లాడేది మాత్రం మా ఆయన. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, మా కమిటీకి విషయ నిపుణుడు. మీటింగు రోజు పొద్దున్నే గడ్డం గీసుకుంటూ "ఏమోయ్, ఒక్కోదాని గురించి రెండు ముక్కలు చెప్పు" అంటారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ చెప్తాను. గ్రహాల పుస్తకంలో బొమ్మలు బాగున్నాయి గానీ లెక్కలు పాతవి, జన్యువుల మీద రాసినాయనకు పాఠకుడంటే చిన్నచూపు, ఇలాగ. మధ్యాహ్నం ఆ మాటలే, నా విసుర్లతో సహా, కమిటీ గదిలో ఆయన గొంతులో వినపడతాయి. "ఏం పరిశీలనండీ మాస్టారూ!" అని అధ్యక్షులవారు మురిసిపోతారు. నేను టీ కప్పులు సర్దుతుంటాను. పోయినేడు ఎవరో అడిగారు, ఇన్ని పుస్తకాలు ఎప్పుడు చదువుతారండీ అని. మా ఆయన నా వైపు చూసి నవ్వి, "ముందు మా ఆవిడ చేత చదివిస్తాను. ఆవిడకి అర్థమైందంటే ఇంక ఎవరికైనా అర్థమైనట్టే" అన్నారు. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని నవ్వాను. ఏడాది పొడుగునా ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడు సంచిలో ఒక సన్నపాటి పుస్తకం వచ్చింది. నెలసరి ఆగిపోయే వయసులో ఆడవాళ్ళ ఒంట్లో, మెదడులో ఏం జరుగుతుందో ఒక డాక్టరమ్మ రాసింది. నాకూ ఆ వయసు గుమ్మంలోకి వచ్చేసింది కనుక ఆశగానే తెరిచాను. కష్టమైన వాక్యం తగిలితే పైకి చదవడం నా అలవాటు, నోరు తిరుగుతుందో లేదో చూడ్డానికి. మా అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఉన్నట్టుండి ఒంట్లో సెగ లేవడం, చెమటలు పట్టడం, అదంతా శరీరం వేడిని చూసుకునే మెదడు భాగం లెక్క తప్పడం వల్లనే అని చదివాను. గింజలు గిన్నెలో పడే చప్పుడు ఆగింది.

"మళ్ళీ చదువు" అన్నారావిడ.

చదివాను.

"అయితే తప్పు నాది కాదా?"

"మీదెందుకవుతుంది అత్తయ్యా?"

ఆవిడ చిక్కుడుకాయలు పక్కకి తోసేశారు. "నాకప్పుడు యాభై దాటలేదు. చలికాలంలో తలుపులన్నీ బార్లా తీసి నిలబడేదాన్ని. ఏమీ లేకుండానే ఏడుపొచ్చేది. మీ మావగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, దీనికి మతి చలించింది, పట్టించుకోకండి అని. మీ ఆయనా నవ్వేవాడు. నిజంగానే పిచ్చెక్కుతోందేమోనని ఎంత హడలిపోయానో తెలుసా? ఇది అందరికీ వచ్చేదేనని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదే అమ్మాయ్!"

ఇన్నేళ్ళలో నా కూరలో ఉప్పు గురించి తప్ప నాతో మనసు విప్పి మాట్లాడని మనిషి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపమూ వచ్చింది. ఇద్దరం ఆ పుస్తకం మీదకి వంగిపోయాం. మాడువాసన వచ్చింది. ఆవిడ స్టవ్ వైపు ఒకసారి చూసి, "పోతే పోయాయిలే, తర్వాత ఏముందో చదువు" అన్నారు.

మీటింగు ముందురోజు ఆ పుస్తకం చూసి మా ఆయన మొహం చిట్లించారు. "ఇది సైన్సేమిటి? నలుగురు మగవాళ్ళ మధ్య దీని గురించి నేనెలా మాట్లాడను? తీసెయ్. అంత ముచ్చటగా ఉంటే వంటల పుస్తకాల పక్కన పెట్టుకో." మర్నాడు మాత్రం గడ్డం మీద నురగతో మామూలుగానే వచ్చారు. "ఊఁ, మిగతావాటి గురించి రెండు ముక్కలు చెప్పు."

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టేశాను. "పుస్తకాలు అక్కడే ఉన్నాయండీ. చదవండి."

"ఇప్పుడా? వేళాకోళమా?"

"చొక్కాకి ఒక చెయ్యి మిగిలింది. అదీ మీరే చేసుకోండి."

గుమ్మం దగ్గర అత్తగారు నా సంచి పట్టుకుని ఆపారు. "ఇలాంటిది ఎవరు చదువుతారని అడుగుతారు. నేను చదివానని చెప్పు. వాడి ముందే చెప్పు."

కమిటీ గదిలో మా ఆయన అన్నిటికంటే లావుపాటి పుస్తకం ఎత్తారు, మెదడు గురించి, అట్ట తళతళలాడుతోంది. "అద్భుతమండీ. ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం."

"నాలుగో అధ్యాయం చదివారా?" అన్నాను.

కప్పులు సర్దాల్సిన చోటి నుంచి మాట వచ్చేసరికి అందరూ నా వైపు తిరిగారు. "ఆడవాళ్ళ మెదడు తేలిక కనుక వాళ్ళకి లెక్కలు రావని ఉంది. ఆధారం ఒక్కటీ చూపించలేదు. ఆ పుస్తకం పట్టుకుని నిలబడితే మా ఇంట్లో పాలు కాగాయి, చల్లారాయి, తోడు కూడా పెట్టేశాను." ఎవరికీ అర్థం కాలేదు. కాకపోతే పోనీ. "ఇన్నేళ్ళూ ఈ గదిలో మీరు మెచ్చుకున్న మాటలు నావి. పుస్తకాలు చదివింది నేను. ఇక మీదట నా మాటలు నేనే చెప్తాను." మా ఆయన బల్ల మీద గీత ఏదో కనపడినట్టు దాన్నే చూస్తున్నారు. సంచిలోంచి సన్నపాటి పుస్తకం తీసి మధ్యలో పెట్టాను.

అధ్యక్షులవారు పేరు చూసి గొంతు సవరించుకున్నారు. "ఇది కుటుంబాలొచ్చే చోటమ్మా."

"ఆ ఆడవాళ్ళుండేది కుటుంబాల్లోనేనండీ."

"అసలివి ఎవరు తీసుకెళ్తారు?"

"మా అత్తగారు చదివారు. చెప్పమన్నారు కూడా."

మా ఆయన తల పైకెత్తారు. నేను ఆగలేదు. "లైబ్రేరియన్ సంతకం లేకుండా ఒక్క పుస్తకం కొనడానికి లేదు. ఇన్నేళ్ళూ మీరు వేలు చూపించిన చోటల్లా పెట్టాను. ఇది చేరకపోతే ఈసారి పెట్టను. చేరితే సైన్సు బీరువాలో, నిలబడితే కళ్ళకి ఎదురుగా ఉండే అరలో ఉంటుంది."

అధ్యక్షులవారు అలవాటు చొప్పున "టీ..." అంటూ నా వైపు చూశారు. "ఫ్లాస్కు మీ పక్కనే ఉందండీ" అన్నాను. ఆయన లేచి పోసుకున్నారు. సగం కప్పు తాగాక "సరే, చేర్చండి" అన్నారు. అప్పుడు పెట్టాను సంతకం, పూర్తి పేరుతో.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆయన, "అమ్మా, ఆ పుస్తకం నువ్వు నిజంగా చదివావా?" అన్నారు.

"నేను విన్నాను. ఇప్పుడు చదవబోతున్నాను" అని అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నా వైపు చెయ్యి చాపారు. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, చెప్పులు విప్పి పక్కనే కూర్చున్నాను.

"మరి టీ?"

"గిన్నె గట్టు మీద ఉంది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. దగ్గరే నిలబడరా" అన్నారావిడ తలెత్తకుండా.

మేం మూడో పేజీలో ఉండగా వంటింట్లోంచి కేక వినపడింది. "ఏమోయ్, ఇవి పొంగుతున్నాయి!"

నేను పేజీ తిప్పాను.