నెలనెలా సూది

పుస్తకాల బైండింగ్ చేసే ఆయనకి కుడికన్ను మొరాయించింది. అట్ట ఎంత తిన్నగా కోసినా అంచు వంకరగా కనబడేది. తప్పు కత్తిదనుకుని సాన పట్టించాడు. తీరా చూస్తే కంటి వెనకపొరలో నీరు చేరిందని డాక్టరమ్మ తేల్చింది. చుక్కల మందు అంత లోపలికి చేరదట. నెలనెలా సూదితో కంట్లోకే మందు పంపాలట.

కంట్లో సూది అనగానే ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. భయమేస్తోందని చెప్పుకోడానికైనా ఇంట్లో ఎవరూ లేరు. బల్లమీద పడుకోబెట్టి రెప్ప మూతపడకుండా క్లిప్పు పెట్టారు. ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకోవడం చూసి నర్సు తన చెయ్యి అందించింది.

"ఎంత గట్టిగా నొక్కినా పర్లేదు బాబాయ్. విరిగితే ఆస్పత్రిలోనే ఉన్నాంగా!"

ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సూది అయిపోయింది.

అప్పట్నుంచి ఆస్పత్రి తేదీకి ముందురోజే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. వేళ్లకంటిన జిగురు తోముకునేవాడు. నిజానికి మూడోసారికే భయం పోయింది. ఆ సంగతి మాత్రం నర్సుకి చెప్పలేదు.

పదిహేనోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ సంబరంగా చెప్పింది. "కొత్త మందొచ్చిందండీ. బియ్యపు గింజంత కూడా ఉండదు. ఒకసారి లోపల పెడితే ఆర్నెల్లపాటు మెల్లగా కరుగుతుంది. మీకు ఈ తిరుగుడు తప్పుతుంది."

"నాకు తిరుగుడు కష్టమేం కాదండీ. పాతదే కానివ్వండి."

"అదేంటండీ! అందరూ దీనికోసం ఎదురుచూస్తుంటే?"

ఆయన సరేనని తలూపాడు. ఆవేళ నర్సు చేతిని ఎన్నడూ లేనంత గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక ఆర్నెల్లదాకా కనబడరన్నమాట!" అందామె హుషారుగా.

నెల తిరిగింది. ఆ తేదీ పొద్దున్నే తయారై వెళ్లి ఆస్పత్రి హాల్లో కూర్చున్నాడు. ఫైలుతో బయటికొచ్చిన నర్సు ఆగింది.

"ఇవాళ మీకు లేదుగా బాబాయ్? నొప్పేమైనా ఉందా?"

"లేదమ్మా. బాగానే కనబడుతోంది. ఇటుగా వెళ్తూ ఆగాను."

ఇంకేదో అడగబోయింది. అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది, గబగబా వెళ్లిపోయింది.

పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ కాసేపాగి పలకరించింది. "మీవాళ్లెవరైనా లోపలున్నారా?"

"ఆ, ఉన్నారండీ" అన్నాడాయన.

హాలు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, లేచి బస్సెక్కాడు.