మినిట్స్‌లో రాని మాట

ముప్పై నాలుగేళ్ళ పాటు నా ఉద్యోగమంతా పెద్ద విషయాన్ని చిన్నది చేయడమే. అరవై పేజీల ఫైలు వస్తే, పై అధికారి చదవడానికి వీలుగా అర పేజీ నోటు రాసి పెట్టేవాణ్ణి. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో శేషగిరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మా సెక్షన్‌లో పేరుండేది. రిటైరయ్యాక ఆ విద్యకి పని లేకుండా పోతుందనుకున్నాను. అంతలో ఢిల్లీలోని జనక్‌పురి తెలుగు పఠన మండలికి నన్ను కార్యదర్శిని చేశారు.

మండలి పెద్దదేం కాదు. రిజిస్టరులో నలభై ఆరు పేర్లుంటాయి, సమావేశానికి పది మంది వస్తే ఎక్కువ. నెలకో ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీద కలుస్తాం. మా ఆవిడ హైమవతి ఉన్నప్పుడు అందరికీ ఉప్మా చేసేది. ఆమె పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ తర్వాత నుంచి వచ్చేవాళ్ళే తలో డబ్బా తెచ్చుకుంటున్నారు. ఇలా చేద్దామని నాతో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఎవరేమన్నారో రాసుకుని, మినిట్స్ టైపు చేసి, జిరాక్స్ తీసి సభ్యులందరికీ పంపడం నా పని. పోస్టింగుల మీద బయట ఉన్నవాళ్ళకి ముందుగా పంపాలని నియమం పెట్టింది కూడా నేనే. పరాయి చోట తెలుగు అక్షరం కంటబడితే ప్రాణం లేచి వస్తుందని నా నమ్మకం.

2005 ఫిబ్రవరి సమావేశానికి విషయం: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, ప్రేమకథ. ఈ మూడింటిలో మీరేది చదువుతారు, ఎందుకు. చలి తగ్గింది. ఎండ వీపుకి హాయిగా తగులుతోంది.

భీమేశ్వరరావు గారు డైరెక్టరుగా రిటైరయ్యారు. ఇప్పటికీ ప్రతి వాక్యం కింద సంతకం పెడుతున్నట్టే మాట్లాడతారు. ఆయన మొదలుపెట్టారు.

“ఫాంటసీ అంటారా, అది నేను సర్వీసులో ఉండగానే బోలెడు చదివేశానండి. మా శాఖ వార్షిక నివేదికలన్నీ అవే.”

“మీరు నవ్వండి గానీ,” అంది అరుంధతి. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. “రాక్షసుడెవరో మొదటి పేజీలోనే తెలిసిపోయే కథలంటే నాకిష్టం. మా స్టాఫ్ రూములో పదేళ్ళయినా తెలియడం లేదు.”

నా వంతు వచ్చినప్పుడు సైన్స్ ఫిక్షన్ అన్నాను. వయసులో ఉన్నప్పుడు అంతరిక్ష నౌకల కథలు తెగ చదివేవాణ్ణి. వాటిలో ఎవరికీ జ్వరం రాదు, ఎవరూ పాల బూత్ ముందు వరసలో నిలబడరు. ఈ మధ్య మాత్రం, కాలంలో వెనక్కి వెళ్ళే కథ కనిపిస్తే పక్కన పెట్టేస్తున్నాను. వాటిలో శాస్త్రవేత్త యుద్ధాలు ఆపడానికి వెనక్కి వెళ్తాడు. నాకు యుద్ధాలతో పనిలేదు. హైమవతి ఉన్న ఒక్క మంగళవారం సాయంత్రం చాలు. ఈ చివరి మాట పైకి అనలేదు.

అందరికంటే వెనక, పిట్టగోడ దగ్గర ఉషశ్రీ కూర్చుంది. వాళ్ళది కడప వైపు. భర్త మల్లికార్జున సైన్యంలో హవల్దారు, ఏడాదిన్నరగా కశ్మీరులో మంచుకొండల మీద పోస్టులో ఉన్నాడు. భర్తలు ఫీల్డ్‌కి వెళ్ళిన కుటుంబాలకి కంటోన్మెంటులో ఇచ్చే క్వార్టర్లో ఆమె ఒక్కతే ఉంటుంది. రెండు బస్సులు మారి మా ఇంటికి వస్తుంది. వస్తుందన్న మాటే గానీ ఎప్పుడూ నోరు విప్పదు. ఆ రోజు ఎందుకో విప్పింది.

“నేను ప్రేమకథలే చదువుతాను అంకుల్. కానీ చివరి పేజీ నమ్మను. దూరం పోయిన మొగుడు తిరిగొస్తాడు, ఆమె ఎదురు పరిగెత్తుతాది, అయిపోయింది అంటారు. నాకు అసలు కథ అప్పుడే మొదలవుతాది. మా ఆయన సెలవుకొస్తే నాలుగు దినాలు ఎవరో పరాయి మనిషి ఇంట్లో ఉన్నట్టుంటాది. గిన్నెలు ఒకచోట పెడితే ఇంకోచోట ఉంటాయి, టీవీ నాది కాదు. ఆయన పోయినాక, అమ్మయ్య, ఇల్లు మళ్ళీ నాదైంది అనిపిస్తాది.”

అందరం నవ్వాం.

“హవల్దారు గారు వినడం లేదు కదా,” అన్నారు భీమేశ్వరరావు గారు. మళ్ళీ నవ్వాం.

నవ్వులు తగ్గాక ఉషశ్రీ తల దించుకుని, ఇంకెవరితోనో చెబుతున్నట్టు అంది. “ఆయన పోయిన సాయంత్రం, టీ తాగిన గ్లాసు కడగలేక ఏడుస్తాను. రెండు దినాలు దాన్నట్టే పెడతాను. ఈ రెండూ ఒకే మనిషికి అవుతాయని ఏ కథలోనూ రాయరు.”

అప్పటికే అరుంధతి పులిహోర డబ్బా మూత తీస్తోంది. భీమేశ్వరరావు గారు వచ్చే నెల విషయం ఏమిటని అడుగుతున్నారు.

ఆ మర్నాడు మినిట్స్ టైపు చేశాను. “శ్రీమతి ఉషశ్రీ: ప్రేమకథల ముగింపులు నమ్మశక్యంగా లేవని, భర్త సెలవుపై వచ్చినప్పుడు పరాయి వ్యక్తి ఇంట్లో ఉన్నట్లుంటుందని, ఆయన తిరిగి వెళ్ళిన పిదప ఇల్లు తనదైనట్లు అనిపిస్తుందని అభిప్రాయపడ్డారు. (సభలో నవ్వులు)”

రెండు పేజీల్లో అంతా సరిపోయింది. మండలి సభ్యత్వం కుటుంబానికి ఒకటి. ప్రతి కూడా ఒకటే, రిజిస్టరులో ఉన్న పేరు మీద వెళ్తుంది. ఢిల్లీలో పనిచేసిన రోజుల్లో సభ్యుడిగా చేరింది మల్లికార్జున. అతని కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు రాసి, మంచుకి తడవకూడదని ఇంకో చుట్టు టేపు కూడా వేశాను.

మార్చి మధ్యలో ఒక రోజు ఉదయం ఉషశ్రీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అంకుల్, పోయిన నెల కాగితం మా ఆయనకు పంపించినారా?”

“పంపానమ్మా. బయట ఉన్నవాళ్ళకి ముందే పంపేస్తాను.”

“నేనన్నది కూడా ఉందా అందులో?”

మా దగ్గరుండే ప్రతి తీసిచ్చాను. నిలబడే చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె కళ్ళు ఆ పేరా మీద కదులుతుంటే, నేను ఏం చేశానో నాకూ అప్పుడే కనిపించింది.

“మూడు ఆదివారాలుగా ఫోన్ లేదు,” అంది. “ఏమైందోనని పక్క క్వార్టరామెని అడిగినాను. వాళ్ళాయనది అదే యూనిట్. ఏప్రిల్‌లో రావాల్సిన సెలవు ఇంకొకరికి ఇచ్చేసినాడంట. ఇంటికి పోయి ఏం చేస్తాలే అన్నాడంట.”

“ఉషా, నువ్వు ఇంకో మాట కూడా అన్నావు. గ్లాసు సంగతి. అది నేను వేయలేదు.”

“ఏం గ్లాసు?”

చెప్పాను. ఆమె కాగితం మళ్ళీ ఒకసారి చూసుకుంది.

“అనే ఉంటాను. గ్లాసు పెట్టుకునేది నిజమే. కానీ ఆ రోజు అక్కడ అన్నానా అంటే గుర్తు రావడం లేదు. ఇది చదివితే నేను ఇదొక్కటే అన్నట్టుంది.”

“సవరణ రాసి పంపుతానమ్మా. అందరికీ పంపుతాను.”

“వద్దంకుల్. ఇప్పుడు మీరేం రాసినా, నేనొచ్చి ఏడ్చి రాయించుకున్నాననుకుంటాడు.”

ఆమె వెళ్ళాక భీమేశ్వరరావు గారికి ఫోన్ చేశాను.

“గ్లాసా? లేదండీ. పరాయి మనిషి అన్నది గుర్తుంది, భలే నవ్వొచ్చింది. అయినా సభ్యులకి వెళ్ళిపోయిన మినిట్స్‌ని వచ్చే సమావేశంలో తప్ప మార్చకూడదు. మీకు తెలియని రూలేముంది?”

అరుంధతికీ గుర్తు లేదు. డబ్బా మూత బిగుసుకుపోయి తనకి ఏమీ వినబడలేదంది. పది మంది కూర్చున్న డాబా మీద ఆ మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. వదిలేసిందీ నేనే.

నేను పెన్సిలుతో రాసుకునే పుస్తకం తీశాను. ఆ తేదీ కింద, నా కోడిగీతల్లో, ఆ మాట ఉంది. “ఉష: గ్లాసు కడగలేక ఏడుపు. రెండు రోజులు. రెండూ ఒకే మనిషికి.” పక్కన చిన్న ఇంటూ గుర్తు ఉంది. నోటులోకి అక్కర్లేదనుకున్నవాటికి ఆఫీసులో పెట్టే గుర్తు అది. మరిచిపోయానని చెప్పుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది.

ఆ పేజీ చింపుకుని కంటోన్మెంటుకి వెళ్ళాను. “ఇది ఆ రోజు నేను రాసుకున్నది. తేదీ ఉంది. పంపుతావో, పారేస్తావో నీ ఇష్టం,” అన్నాను. ఉషశ్రీ తీసుకుంది. తిట్టినా పడేవాణ్ణి. తిట్టలేదు, బస్సు వచ్చేదాకా నాతో నిలబడింది.

తర్వాతి నెల సమావేశం పెట్టలేదు. ఒంట్లో బాగాలేదని అందరికీ చెప్పాను. ఉదయం పేపరు వస్తే ముందు కశ్మీరు వార్తలే చూసేవాణ్ణి. ఏమీ లేకపోతే ఆ పూటకి అదే చాలనిపించేది.

ఏప్రిల్ చివర ఒక రోజు పదకొండు గంటలప్పుడు తలుపు కొట్టారు. పొడుగాటి మనిషి, మంచు ఎండకి ముక్కు మీద తోలు లేచిపోయింది. బూట్లు గుమ్మం బయట జతగా పెట్టి లోపలికి వచ్చాడు.

“మల్లికార్జున సార్. మీరు పంపే కాగితాలు నాకే వస్తాయి.”

కూర్చోబెట్టి టీ పెట్టాను.

“మా పోస్టులో తెలుగోళ్ళం ఐదుగురం,” అని మొదలుపెట్టాడు. “తెలుగు కాగితం ఏదొచ్చినా, సాయంత్రం రోల్‌కాల్ అయినాక ఒకరు గట్టిగా చదవాల, మిగిలినోళ్ళు వినాల. పచ్చడి సీసాకు చుట్టిన పేపరు కూడా వదలము. మీ మినిట్స్ ఎప్పుడూ నేనే చదువుతా సార్. ఆ పెద్దాయన నివేదికలు అని అన్నాడే, దానికి అందరూ బాగా నవ్వినారు. ఆ ఊపులో కిందది కూడా చదివేసినా.”

“మధ్యలో ఆపలేదా?”

“ఆపితే తెలిసిపోతాది కదా. నవ్వులు అని రాసినారు చూడండి, అది కూడా చదివినా.”

ఆ తెలుగు అక్షరం కోసమే కవరుకి ఇంకో చుట్టు టేపు వేసినవాణ్ణి నేను.

“ఎవరూ నవ్వలేదు సార్,” అన్నాడు. “నవ్వినా బాగుండు. అందరూ లేచి ఎవరి పని మీద వాళ్ళు పోయినారు. నా సెలవు తీసుకున్న పిల్లోడు కూడా ఆ నలుగురిలో ఒకడు. వారానికి వాపసు ఇచ్చేసినాడు. నాకొద్దన్నా, నువ్వే పో అన్నాడు.”

జేబులోంచి నా పెన్సిలు కాగితం తీసి టీపాయ్ మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగేలా ఉంది.

“ఇది అప్పుడు రాసిందా, గొడవ అయినాక రాసిందా?”

“అప్పుడే రాసింది.”

“ఈ ఇంటూ ఏమి?”

“వదిలేయాలని నాకు నేను పెట్టుకున్న గుర్తు.”

“ఎందుకు వదిలేసినారు?”

స్థలం చాలలేదని చెప్పవచ్చు. అలవాటని చెప్పవచ్చు. రెండూ కొంత నిజమే. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి కొంత నిజం చెప్పి పంపలేకపోయాను.

“నవ్విన మాట చదివేవాళ్ళకి నచ్చుతుందని ఉంచాను. ఇది రాస్తే ఇబ్బంది పడతారనుకున్నాను. ఇబ్బంది పడింది నేను. మా ఆవిడ పోయినప్పటి నుంచి ఏడుపన్న మాట కనబడితే పేజీ తిప్పేస్తున్నాను. ఆ రోజూ అదే చేశాను. నాకోసం నీ భార్య మాటని సగం చేశాను.”

అతను గోడ మీది హైమవతి ఫోటో వైపు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

“ఆమెని అడిగితే అన్నట్టు గుర్తు లేదంటాది. ఊరికే అవునని చెప్పొచ్చు కదా. చెప్పదు.”

“చెప్పదు.”

“మీరు కాకుండా ఇంకొకరు విని ఉంటే బాగుండేది సార్.”

“అవును,” అన్నాను.

ఫోన్ మోగింది. ఉషశ్రీ. “అంకుల్, ఆయన గాని అక్కడికొచ్చినాడా? చెప్పకుండా పోయినాడు. ఎక్కడికని వెతికేది?”

“ఇక్కడే ఉన్నాడమ్మా.”

“ఏమంటాడు?”

అతను నన్నే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే ప్రశ్న నన్ను అడుగుతున్నారు, నేనేం చెప్పినా మళ్ళీ నేను రాసిన నోటే అవుతుంది. రిసీవరు అతనికి అందించాను. తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఊఁ. వస్తాండా. పెరుగు తేవాల్నా?” అన్నాడు. విని, పెట్టేశాడు.

లేచి కాగితాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇకమీద నా పేరున పంపొద్దు సార్. సభ్యత్వం ఆమె పేరుకు మార్చండి. వచ్చింది ఆమె చదువుకుంటాది. నాకు వినిపించాలనుకుంటే వినిపిస్తాది.”

క్షమించానని అనలేదు. అనాలని నేనూ ఎదురుచూడలేదు. ఆ పోస్టులో నలుగురి చెవుల్లో పడినదాన్ని వెనక్కి తీసుకురావడానికి ఏ సవరణా పనికిరాదు. ఆమె మీద నమ్మకం కుదిరిందో, కుదర్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడో కూడా నాకు తెలియలేదు.

బాల్కనీలోకి వెళ్ళి చూశాను. ఎండలో గబగబా నడిచి వెళ్ళి రోడ్డుకి ఇవతల నిలబడ్డాడు. కంటోన్మెంటు వైపు వెళ్ళే బస్సు అవతలి వైపు ఆగుతుంది. కేక వేయబోయాను. ఈలోపు పుచ్చకాయల బండి అతను ఏదో అడిగి, అవతలి వైపు చెయ్యి చూపించాడు. మల్లికార్జున తల ఊపి, రెండు వైపులా చూసి, రోడ్డు దాటాడు.