ఆధార్ అడగని మీటింగు

గున్నయ్య బయల్దేరేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జెరాక్సు, రేషన్ కార్డు జెరాక్సు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు పెట్టుకున్నాడు. బతికున్నానని నమ్మించడానికే వేలిముద్ర వెయ్యాల్సిన రోజులివి. తాగుడు మానేశానని నమ్మించడానికి అంతకంటే తక్కువ అడుగుతారని అతను అనుకోలేదు.

కాగితం కావలసింది కూతురికి. తల్లి పోయి రెండేళ్ళయింది కనక సింధూర పురుడు టెక్కలిలో అత్తవారింటే జరిగింది. బుధవారం బారసాల. ఉయ్యాల తల్లివైపు నుంచి వెళ్ళడం వాళ్ళలో ఆనవాయితీ. ఉయ్యాల పంపు, నువ్వు రావద్దు అంది సింధూర. బతిమాలితే, ఊళ్ళోకొచ్చే నర్సు విజయకుమారి చెప్పిన తాగుడు మాన్పించే మీటింగుకి వెళ్ళి, సంతకం పెట్టిన కాగితం తెస్తే అప్పుడు చూద్దామంది. బుధవారానికి ముందున్నది ఒక్కటే ఆదివారం.

కాశీబుగ్గలో, ఏదో మేడ మీద, నాలుగ్గంటలకి. నర్సుకి తెలిసింది అంతే. బోర్డుండదట. బోర్డు లేకుండా సారా అమ్ముతారని గున్నయ్యకి తెలుసు గానీ, మాన్పించడం కూడా అలాగే చేస్తారని తెలీదు.

బస్సు దిగి పాన్‌షాపు వాడిని అడిగాడు.

"తాగుబోతుల మీటింగెక్కడ బావా?"

"ఏ పార్టీది?"

వాడు చూపించిన వైపు వెళ్తే షామియానా, మైకు, బిరియానీ పొట్లాలు, పొట్లానికో క్వార్టరు. గున్నయ్య తిరిగి వచ్చేశాడు. వెనక్కి చూడలేదని చెప్పలేం. రెండుసార్లు చూశాడు.

మందుల షాపులో తెలీదన్నారు. ఒక ఆటోవాడు మాల వేసుకోమని సలహా ఇచ్చాడు. గున్నయ్య నాలుగేళ్ళు వరసగా వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దాహం ఏటా నలభై రెండో రోజున తీర్చుకున్నాడు.

నాలుగు కావస్తోంది. కాశీబుగ్గలో తాగేవాళ్ళ ఆచూకీ తెలిసిన మనిషి ఇంక ఒక్కడే మిగిలాడు. వైన్‌షాపులో పోలారావు.

చుక్క ముట్టి పదకొండు రోజులైన మనిషి ఆ కటకటాల ముందు నిలబడ్డాడు. పోలారావు అతని మొహం చూసి, అడక్కుండానే ఎప్పుడూ తాగే క్వార్టరు తీసి బల్ల మీద పెట్టాడు. గున్నయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మాన్పించే మీటింగు ఎక్కడని అడిగాడు.

"తెలవకేటి? నా గిరాకీ నలుగురు అక్కడికెల్లే సెడిపోనారు" అన్నాడు పోలారావు. జీడిపప్పు కొట్టు పక్క సందు, ట్యూషను మేడ అని చెప్పి, సీసా వైపు గడ్డం ఊపాడు. "ఎల్తే ఎల్లు. దీన్ని లోపలెట్టీనా, ఉంచీనా?"

గున్నయ్య సీసా ముందునుంచి కదల్లేదు. వెనకున్నవాడు విసుగెత్తి భుజంతో ఒక్క తోపు తోశాడు. ఆ తోపుకే పక్కకి వచ్చాడు. దాన్ని ధైర్యం అనక్కర్లేదు.

ట్యూషను మేడ మీద మూడో తరగతి బల్లల్లో ఏడుగురు మొగాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక పళ్ళెంలో జీడిపప్పు బద్దలు. పక్కన గ్లాసు లేకుండా జీడిపప్పు తినే మనుషుల్ని గున్నయ్య చూడటం అదే మొదటిసారి. కవరు విప్పి జెరాక్సులు, ఫొటోలు బల్ల మీద పరిచాడు. మీటింగు నడిపే బట్టతలాయన వాటిని మళ్ళీ కవర్లో పెట్టి చేతికిచ్చాడు. ఇక్కడ పేర్లు రాయరనీ, ఊరు అడగరనీ, సంతకాలుండవనీ చెప్పాడు. ఆయన అటు తిరగ్గానే పక్కవాడు ఇంటిపేరు అడిగి, రెండు నిమిషాల్లో గున్నయ్యకి మేనల్లుడి వరస తేల్చేశాడు.

"సంతకం నేకపోతే నానెందుకొచ్చినట్టు?" అన్నాడు గున్నయ్య.

"అది నువ్వే సెప్పాల మావా" అన్నాడు కొత్త మేనల్లుడు.

అందరూ ఒక్కొక్కరే తమ తాగుడు సంగతి చెప్పారు. గున్నయ్య దగ్గర చెప్పడానికి సిద్ధంగా ఒకటుంది. పెళ్ళాం పోయిన దిగులుతో తాగుతున్నానని. రెండేళ్ళుగా ఊరంతా అది నమ్మి, జాలిపడి, గ్లాసులు నింపింది. కానీ కాగితం ఎలాగూ రాదు. ఇంక అబద్ధం ఎవరికోసం?

"మా ఆడది కిడ్నీ మనిషి" అన్నాడు. "డయాలసిస్‌కి ఎల్లాల్సిన నాడు నాను తాగి జీడితోటలో పడున్నాను. ఆటో వొచ్చి, హారను కొట్టి కొట్టి ఎల్లిపోనాది. ఆవిడ సీర కట్టుకోని గుమ్మంలోనే కూకునుంది. మూడోనాడు పోనాది."

ఎవరూ ఓదార్చలేదు. బట్టతలాయన జీడిపప్పు పళ్ళెం ఇటు జరిపాడు.

మెట్లు దిగి సింధూరకి ఫోను చేశాడు. కాగితమిచ్చారా అని అడిగింది. ఇవ్వరట అన్నాడు.

"మరేటి సేసినావక్కడ?"

"అమ్మ సంగతి సెప్పినాను. ఆటో సంగతి."

అవతల పసిపిల్ల ఏడిస్తే సింధూర జోకొట్టడం వినపడింది.

"ఆటో వోడు నాకప్పుడే సెప్పినాడు" అంది సింధూర. "నీ నోట వొస్తాదేమోనని రెండేళ్ళు సూసినాను. బుధవారం రా. ఉయ్యాల కట్టి, వీధరుగు మీద కూకో. పిల్లని మాత్రం నీ సేతికియ్యను."

ఎప్పటిదాకా అని అడగబోయి గున్నయ్య నోరు మూసుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, వచ్చే ఆదివారం కూడా నాలుగ్గంటలకేనా అని కనుక్కోవడానికి మళ్ళీ మేడ ఎక్కాడు.