మూడోసారి వేడెక్కిన లాప్‌టాప్

లెస్కోవాత్స్ ఊళ్ళో రాద్మిలో అనే రిపేరు మేస్త్రీ చెయ్యి పడిన యంత్రం మళ్ళీ అతని బల్ల ఎక్కిన చరిత్ర లేదు. రేడియో కానివ్వండి, టీవీ కానివ్వండి, కంప్యూటర్ కానివ్వండి, ఒకసారి మూత బిగించి "ఇక పో" అన్నాడంటే అది యజమానిని సాగనంపి గాని మూలపడేది కాదు. కాదనేవాడెవడైనా ఉంటే రమ్మనండి. మిరపకాయలు కాల్చే పొయ్యి ముందు కూర్చోబెట్టి నిదానంగా మాట్లాడదాం.

ఆ సెప్టెంబరు ఉదయం రాద్మిలో కొట్లో కాఫీ కప్పును రెండు చేతులా పట్టుకుని ఫోను వంక చూస్తున్నాడు. పొడుగు మనిషి, పాత మేకులా మెడ దగ్గర వంగాడు. కనుబొమలు మాత్రం ఇంకా నల్లగా, అద్దాల మీదికి పడుతూ ఉంటాయి. గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ నలుపు. బట్టల మిల్లు నడిచిన రోజుల్లో మగ్గాల మోటార్లు చూసేవాడు. మిల్లు మూతపడ్డాక ఈ కొట్టు పెట్టాడు. బయటి బోర్డు మీద అక్షరాలు భార్య రోసాండా రాసింది. ఆమె పోయినా ఆ రంగు పోలేదు. ఈ మధ్య కుడి బొటనవేలు అతన్ని అడక్కుండానే కదులుతోంది. అందుకే రెండు చేతులు.

అతని భయమంతా ఒక లాప్‌టాప్ గురించి. ఏటి అవతల ఉండే మిలూంకా మనవడు ఓగ్న్యెన్‌ది అది. ఆటలాడే రకం. మీటల కింద ఎర్రటి దీపాలు, లోపల రెండు ఫ్యాన్లు, తెరిస్తే విమానం లేచినంత మోత. అరగంట ఆడేసరికి కాలిపోయి దానంతటదే ఆరిపోతోందని తెచ్చాడు. రాద్మిలో అడుగు మూత విప్పి, రాగి గొట్టాలు ఎత్తి చూశాడు. నల్లటి చిప్పుకూ గొట్టానికీ మధ్య వేడిని మోసుకుపోవలసిన పేస్టు ఎండి సుద్దముక్కలా రాలింది. స్పిరిట్‌తో తుడిచాడు. సిరంజిలోంచి కొత్త బూడిదరంగు పేస్టు పెసరగింజంత పెట్టి బిగించాడు. కొట్లో సాయంత్రం దాకా ఆడించి చూశాడు. కూజాలో నీళ్ళలా చల్లగా ఉంది.

వారం తిరక్కుండా అది మళ్ళీ వచ్చింది.

సరే సరే, పైన నేనన్న మాట నాకు గుర్తుంది. ఆ ఒక్కటే వచ్చింది. ఇంకో రేడియో కూడా వచ్చిందనుకోండి. రాద్మిలో బాగుచేశాక అది బల్గేరియా భాష తప్ప మాట్లాడేది కాదు. అయితే దాని యజమాని రెండేళ్ళు అది విని, ఆ భాష నేర్చి, సరిహద్దు దాటి అక్కడి పిల్లను చేసుకున్నాడు. కాబట్టి దాన్ని తప్పుల్లో కలపకూడదు.

రెండోసారి పేస్టు పెడుతున్నప్పుడు బొటనవేలు ఎగిరింది. పేస్టు చిప్పు దాటి పక్కకు పొర్లింది. రాద్మిలో చుట్టూ చూసి, ఎవరూ లేకపోయినా దొంగలా తుడిచేసి, మళ్ళీ పెట్టాడు. యంత్రం చల్లగానే నడిచింది. దాన్ని పంపించి ఒట్టు పెట్టుకున్నాడు. మూడోసారి వస్తే చెయ్యి పోయినట్టే, బోర్డు దించేస్తాను.

ఫోను మోగింది. అవతల ఓగ్న్యెన్.

"మేస్త్రీ, నీ పేస్టు సంగతి మళ్ళీ చూశావా? ఇప్పుడే ఆరిపోయింది. దానిమీద మిరపకాయ పెడితే తొక్క ఊడొస్తది!"

"పట్టుకురా నాయనా," అన్నాడు రాద్మిలో.

"తెచ్చింది చాల్లే. అయిదింటికి పోటీ. మధ్యలో ఆరిపోయిందంటే జట్టులోంచి నన్ను పీకేస్తారు. నువ్వే రా."

రాద్మిలో సంచీ తీసుకుని వెతెర్నిత్సా ఏటి వంతెన మీదుగా నడిచాడు. ఆ నెలలో ఊరంతా పొగే. ప్రతి వాకిట్లో రేకు పొయ్యి, దానిమీద చలికాలం పచ్చడికి ఎర్రటి మిరపకాయలు, పక్కన చీకాకుగా ఒక మనిషి. బ్లాగోయె అనే పొరుగువాడు పట్టకారు ఎత్తి పలకరించాడు.

"ఏం మేస్త్రీ, నువ్వే ఇంటికి పోతున్నావంటే యంత్రం ఆఖరి ఘడియల్లో ఉన్నట్టే. పాదిరీని కూడా పిలవమంటావా?"

"పిలువు. నాకూ పనికొస్తాడు," అన్నాడు రాద్మిలో. నవ్వబోయాడు గాని మూతి కదల్లేదు.

మిలూంకా వాకిట్లో మిరపకాయలు తిప్పుతోంది. పొట్టి మనిషి, తలగుడ్డ కింద బుగ్గలు పొయ్యి వేడికి ఎర్రబడ్డాయి. మేస్త్రీని చూడగానే ఆమె చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"మీరు వస్తున్నట్టు వాడు చెప్పలేదే," అంది. వెంటనే గుమ్మానికి అడ్డం పరిగెత్తింది. "ముందు కాఫీ తాగండి. కాఫీ తాక్కుండా మా ఇంట్లో ఎవరూ స్క్రూ ముట్టుకోలేదు."

"నాయనమ్మా, అడ్డం తప్పుకో!" లోపల్నుంచి అరిచాడు ఓగ్న్యెన్.

గది పెంకుల బట్టీలా ఉంది. కిటికీ బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఈ ఊరివాళ్ళు తోడేలునైనా ఇంట్లోకి రానిస్తారు గాని, తలుపుకూ కిటికీకీ మధ్య దూసుకుపోయే గాలిని రానివ్వరు. నడుం పట్టినా, పన్ను సలిపినా, పెళ్ళి తప్పిపోయినా నేరం ఆ గాలిదే.

ఓగ్న్యెన్ హెడ్‌ఫోన్ తగిలించుకుని, గోడవైపు తిరిగి, జట్టువాళ్ళకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. రాద్మిలో లాప్‌టాప్ తిరగేసి మూత విప్పాడు. ఒక్కో స్క్రూ తీస్తుంటే ఒక్కో నేరం ఒప్పుకుంటున్నట్టుంది. రాగి గొట్టం ఎత్తాడు. పేస్టు పల్చగా, సమంగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా పరుచుకుని ఉంది. దాన్ని చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఇది తప్పు కాకపోతే మరేది? తనకు కనిపించని తప్పు ఇంకేముంది? కళ్ళు కూడా పోయాయా?

యంత్రాన్ని పక్కకు తిప్పబోతే బొటనవేలికి కుడి అంచున, ఫ్యాను గాలి బయటికి వచ్చే చీలికల దగ్గర, మెత్తగా తగిలింది. నల్లటి ఉన్ని. మీసమంత పట్టీ, చీలికల కొలతకు సరిగ్గా అల్లి, లోపలికి కుక్కి ఉంది. నల్లటి యంత్రంలో నల్లటి ఉన్ని. ఇరవై ఏళ్ళవాడు తెర తప్ప వేరే ఏదైనా చూస్తే కదా కనిపించేది.

రాద్మిలో తలెత్తాడు. గుమ్మంలో మిలూంకా. మసి వేళ్ళతో నడుముగుడ్డను పిండుతోంది. యంత్రం కొట్టుకు వచ్చిన రెండుసార్లూ ఆ ఉన్నిని ఎవరు తీసి దాచారో, ఇంటికి చేరాక ఎవరు మళ్ళీ కుక్కారో ఆ ముఖం మీదే ఉంది. కిందటి వసంతంలో ఆమె మనవడి మౌస్‌ను సబ్బునీళ్ళలో ఉతికి ఆరేసింది. ఈస్టర్ దాకా వాడు ఆమెతో మాట్లాడలేదు. ఇంకోసారి తన సామాను ముట్టుకుంటే పరుపు భుజాన వేసుకుని స్నేహితుడి గదికి పోతానన్నాడు. ఆ సంగతి వీధి వీధంతా విన్నదే.

నా చెయ్యి కాదు! రాద్మిలోకు ఆ మాట వంతెన మీద నిలబడి అరవాలనిపించింది. ఎదుటివాడు ఇటు తిరిగితే చాలు, ఉన్ని ముక్క చూపిస్తే చాలు.

గట్టిగా దగ్గాడు. ఆ దగ్గులో ఉన్ని లాగి జేబులో వేసుకున్నాడు. ఎలాగూ విప్పాడు కాబట్టి పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టాడు. బొటనవేలు ఆ పూట రాయిలా నిలబడింది.

"దొరికిందా?" ఓగ్న్యెన్ తిరిగాడు.

"నాదే తప్పు బాబూ. పోయినసారి పేస్టు పొర్లింది. చెయ్యి వణికింది."

"నే చెప్తూనే ఉన్నా! ముసలాడివైపోయావ్ మేస్త్రీ. ఇంట్లో కూచోరాదూ?"

"కూచుంటాలే."

మిలూంకా వీధి గేటు దాకా వెనకే వచ్చింది.

"వాడి కుడిచేతి మీదికే ఊదుతది మేస్త్రీ గారూ, పొద్దస్తమానం. వాళ్ళ తాత లారీ కిటికీ తీసి తోలి తోలి చెయ్యి వంకరపోయింది. వేడిదైతే మటుకు గాలి గాలి కాదా?"

"గాలే మిలూంకమ్మా. కానీ అది దాని ఊపిరి. ముక్కు మూస్తే ఎవరికైనా ఒళ్ళు కాలుద్ది."

"మరి వాడి చెయ్యి?"

"చేతికి తొడుగు అల్లు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మసి బుగ్గకు అంటింది. "నా మూలాన మీ పేరు పోయింది."

"పాత పేరేగా. ఇంకో మచ్చ పడినా కనపడదు."

వంతెన సగం దాటాక గాని అతను తన కాళ్ళు చూసుకోలేదు. తను లోపలికి వెళ్ళేటప్పుడు మిలూంకా ఇచ్చిన నీలం ఉన్ని చెప్పులే వేసుకుని వచ్చేశాడు. విప్పిన బూట్లు ఆమె గుమ్మంలోనే ఉండిపోయాయి. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. రేపు వెళ్దాంలే అనుకున్నాడు.

కొట్టుకొచ్చి ఫోను పక్కన కూర్చున్నాడు. ఉన్ని ముక్క ఒకటే కారణమా? పేస్టు సరిగ్గా పడిందా? అయిదు దాటింది. ఫోను మోగేసరికి రెండు చేతులా అందుకున్నాడు.

"ఆరిపోలా," మిలూంకా గుసగుసలాడింది. "ముట్టుకు చూశా, చల్లగా ఉంది. గెలుస్తన్నాడో ఓడుతన్నాడో నాకు తెలవదు, అరుస్తన్నాడు."

"అరవనీ," అన్నాడు రాద్మిలో.

ఫోను పెట్టేశాడు. ఎందుకు తోచిందో, లేచి కిటికీ తీశాడు, ఎదుటి తలుపూ తీశాడు. కాలిన మిరపకాయల వాసనతో చల్లగాలి కొట్టు ఈ చివర్నుంచి ఆ చివరకు పోయింది. కుర్చీలో వెనక్కి వాలాడు. మర్నాడు పొద్దున రొట్టెల కొట్టావిడ వచ్చి చూసేసరికి అలాగే ఉన్నాడు, కాళ్ళకు నీలం చెప్పులు. డాక్టరు గుండె అన్నాడు. ఊరు మాత్రం కిటికీ వంకా తలుపు వంకా చూసి, గాలి కొట్టింది అంది.

సమాధి దగ్గర ఓగ్న్యెన్ జాలిగా అన్నాడు, "పాపం, ఆఖర్లో చెయ్యి పోయింది." వాడి కుడిచేతికి కొత్త నల్ల తొడుగు ఉంది.

"చెయ్యి పోలేదురా," అంది మిలూంకా, అందరూ వింటుండగా. "నీ పెట్టె ముక్కులో ఉన్ని కుక్కింది నేను. చూసి కూడా ఆయన చెప్పలా."

ఓగ్న్యెన్ తొడుగు వంక చూశాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బురదలో నాయనమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. పరుపు ఇంట్లోనే ఉంది.

మిలూంకా ఆ బూట్లకు శనివారం శనివారం మైనం రాసి మెరిపిస్తోందని నేను ఊరంతా చెప్పుకుంటూ వచ్చాను. ఈ కథలో నేను కల్పించింది అదొక్కటే. రేడియో సంగతి నిజం. ఆమె ఆ బూట్లను ముట్టుకోనేలేదు. అతను విప్పినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి గుమ్మంలో, ఒకదాని తాడు లోపలికి పడి, ముక్కులు వీధివైపు పెట్టి.