ఇస్త్రీకి లొంగని మడత

ఆ వీధిలో సగం మంది పరువు ఆవిడ చేతిలో ఉండేది. పొద్దున్నే ఆవిడ ఇస్త్రీ పెట్టె వేడెక్కితే గానీ టీచర్లు టీచర్లలా, బ్యాంకువాళ్ళు బ్యాంకువాళ్ళలా కనబడేవారు కాదు. పాత దుప్పటి పరిచిన బల్ల, పక్కన నీళ్ళ సీసా. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వెన్ను. ఇళ్ళ నుంచి బట్టలు తేవడం, తిరిగి ఇచ్చి రావడం మొగుడి పని. ఎప్పుడిస్తావయ్యా అంటే ‘రేపు’ అనడం తప్ప ఇంకో మాట ఎరగడు కనుక వీధి అతనికి రేపయ్య అని పేరు పెట్టేసింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు చివరికి పెళ్ళానికి కూడా గుర్తులేదని చెప్పుకునేవారు. అది కాస్త అతిశయోక్తే అనుకోండి.

ఆ పెట్టెకి ఒక గుణం ఉంది. ఎవరి ఒంట్లోనైనా పుట్టకూడని గడ్డ పుడితే, వాళ్ళ చొక్కా మీద సరిగ్గా అక్కడే ఒక మడత మిగిలిపోయేది. నీళ్ళు చల్లినా, గంజి పెట్టినా, పెట్టెని ఎంత కాల్చినా లొంగేది కాదు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కుళాయి ఏ వేళకి వస్తుందో తెలిసినట్టే ఇదీ తెలుసు. ఆవిడ నోటితో ఏమీ చెప్పేది కాదు. మడత మీద పిన్నీసు గుచ్చి పంపేది, అంతే. పెద్దాసుపత్రి డాక్టరమ్మ కూడా ఆ వీధివాళ్ళు వస్తే ముందు పిన్నీసు ఎక్కడ పెట్టారని అడిగి, ఆ తర్వాతే పరీక్షలు రాసేది.

పోస్ట్‌మ్యాన్‌కి కాలరు కింద గోరంత మడత వచ్చింది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి పోయాడు. ఆరు నెలలకి మడత పోయింది. గొంతు బొంగురుపోయినా ఇప్పటికీ గుమ్మం గుమ్మానికీ తిరిగి ఉత్తరాలిస్తున్నాడు. రొట్టెల కొట్టు ఆసామికి పొట్ట దగ్గర వస్తే మాత్రం, నొప్పే లేనివాడికి రోగం అంటగడతావా, నీకు ఇస్త్రీ చేతకాదని ఒప్పుకో అని కేకలేసి, పక్కవీధి కొట్టుకి మారిపోయాడు. ఏడాది తిరక్కుండానే అతని కోటు మళ్ళీ ఈ బల్ల మీదికి వచ్చింది, చివరిసారి తొడగడానికి. పెట్టె ఆనించగానే మడత నున్నగా పోయింది. మడత పోవడానికి రెండే దారులున్నాయని ఆవిడకి ఆ రోజు తెలిసింది.

ఇంతా చేసి, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం తొడుక్కునేవి మాత్రం నలిగిన బట్టలే. ఊరి బట్టలన్నీ అయ్యేసరికి చేతులు పడిపోయేవి. తీగ మీంచి తీసి, రెండుసార్లు దులిపి తొడుక్కోవడమే. ఎవరైనా ఎత్తిపొడిస్తే రేపయ్య, మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని నవ్వేసేవాడు. పదకొండేళ్ళు అలా దులుపుకునే బతికారు.

పన్నెండో ఏట కొట్టు లైసెన్సుకి ఫొటో కావాల్సి వచ్చింది. దొంగలా కనబడకూడదని ఆవిడ మొదటిసారి అతని తెల్లచొక్కా బల్ల మీద పరిచింది. కాలరు అయింది, భుజాలు అయ్యాయి. కుడివైపు డొక్క కింద పెట్టె ఆగిపోయింది. జానెడు మడత. నీళ్ళు చల్లింది. మళ్ళీ చల్లింది. గంజి పెట్టింది. అరగంట అదే చోట రుద్దింది. పెట్టె చల్లారింది గానీ మడత కదల్లేదు.

గుమ్మంలోంచి చూస్తున్న రేపయ్య, “ఆ చొక్కా నా మాటే వినదు, నీ మాటేం వింటుంది? రేపు వెళ్దాంలే,” అన్నాడు.

ఆవిడ పిన్నీసు గుచ్చలేదు. చెయ్యి పట్టుకుని ఆ నిమిషాన్నే లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్ములు చూసి, మడత పొడుగెంతని అడిగింది. ఆవిడ వేళ్ళు చాచి చూపించింది. డాక్టరమ్మ ఫిల్ములు కవరులో పెట్టేసింది. తర్వాత, రెండేళ్ళ కింద గోరంతే ఉండి ఉంటుందని, అప్పుడు దొరికితే చెయ్యగలిగింది చాలా ఉండేదని చెప్పింది. ఒక చొక్కాకి పట్టేది ఐదు నిమిషాలు. రెండేళ్ళలో ఒక్క ఐదు నిమిషాలు. దారి పొడుగునా ఆవిడ ఆ లెక్క దగ్గరే తిరిగింది.

ఆ తర్వాత రేపయ్య బట్టల మూట ఎత్తలేకపోయాడు. వారానికోసారి ఆసుపత్రిలో మందు ఎక్కించుకోవడం, మిగతా రోజులు బల్ల పక్క స్టూలు మీద కూర్చోవడం. ఆవిడ రోజూ అతని చొక్కా ఇస్త్రీ చేసేది. మడత రోజూ కాస్త పెరిగేది. ఇద్దరూ చూసేవారు.

ఒక మందు రోజు, ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి రేపయ్య బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వేడి తగలకుండా పనిలో ఆవిడ పైన వేసుకునే గళ్ళచొక్కా మీద పెట్టె తోస్తున్నాడు. జన్మలో పెట్టె పట్టిన చెయ్యి కాదు. చొక్కా నిండా గీతలే.

“ఇస్త్రీ చేశావా, కాగితం ఉండ చుట్టావా?” అంది.

“నీ బట్టలు ఎవరు చూశారే, పదకొండేళ్ళలో?” అన్నాడు అతను, ఆయాసపడుతూ.

ఆవిడ నవ్వుతూ పెట్టె లాక్కుని అతని గీతలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. అన్నీ పోయాయి. ఎడమ రొమ్ము దగ్గర ఒక్కటి మిగిలింది. గోరంత.

ఇద్దరూ దాన్నే చూశారు. ఆవిడ వేళ్ళతో తడుముకుంది. ఏమీ తగల్లేదు, నొప్పీ లేదు. పెట్టె పక్కన పెట్టి, “ముందు నీ మందు కానీ. నాది రేపు చూసుకోవచ్చు,” అంది.

రేపయ్య డబ్బాలోంచి పిన్నీసు తీశాడు. మూడోసారికి గానీ దాన్ని గుచ్చలేకపోయాడు.

“రేపు నా పేరు. నువ్వు వాడుకోకు. ఇవాళే, ఇద్దరం.”

డాక్టరమ్మ చేతికీ ఏమీ తగల్లేదు. యంత్రంలో తీసిన బొమ్మలో మాత్రం కందిగింజంత మచ్చ కనబడింది. ఇంత చిన్నప్పుడు దొరకడం మంచిదంది. చిన్న ఆపరేషను, కొన్నాళ్ళు రేడియేషను కరెంటు పెట్టించుకోవడం. ఆవిడ ఆపరేషను బల్ల మీద పడుకున్నంతసేపూ రేపయ్య బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అంతకన్నా అతను చెయ్యగలిగింది లేదు. అతని విషయంలో ఎవరూ ఏమీ చెయ్యగలిగింది లేదు.

చలికాలం వెళ్ళేలోపు అతను వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పెట్టె వేడెక్కగానే ఆవిడ ముందు తన చొక్కా పరుస్తుంది. ఊరు ఐదు నిమిషాలు ఆగుతుంది. ఎవరూ గొణగరు. కొందరు తమ ఇంటివాళ్ళ బట్టలు కూడా పట్టుకొచ్చి వరసలో నిలబడుతున్నారు.

అతను పోయాక కొట్టు తెరిచిన మొదటి రోజు మాత్రం ఆవిడ రెండు చొక్కాలు ఇస్త్రీ చేసింది. తన గళ్ళది, అతని తెల్లది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వెన్ను. తెల్లచొక్కా కుడివైపుకి వచ్చాక ఎందుకైనా మంచిదని నీళ్ళు చల్లింది.

అక్కర్లేకపోయింది. రెండూ నున్నగా ఉన్నాయి.